బల్ల వంతు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెత సువార్తమ్మకి చిన్నప్పటినుంచీ తెలుసు. తెలియడం వేరు, ఒంటికి తగలడం వేరు. తగిలింది మాత్రం మే నెల చివరి ఆదివారం, మందిరంలో కూడిక అయిపోయి జనం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు.

"వచ్చే వారం నుంచి బల్ల పని భవానీదేవి గారు చూస్తారమ్మా. ఒక నెల ఆవిడ వంతు. నువ్వు కాస్త దగ్గరుండి చెప్పు," అన్నారు సంఘపెద్ద ఆశీర్వాదం మాస్టారు, ఏదో చీపురు చేతులు మారుతున్నంత తేలిగ్గా.

మామిడికుదురు దాటాక కాలువ గట్టున ఉన్న ఆ చిన్న మందిరంలో ప్రతి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద ఒక రొట్టె, ఒక గిన్నెడు ద్రాక్షరసం. రొట్టె విరిచేదీ ప్రార్థన చేసేదీ మగవాళ్ళు. రొట్టె కాల్చి, రసం కాచి, గుడ్డకి గంజి పెట్టి తెచ్చేది మాత్రం ఇరవయ్యేడేళ్ళుగా సువార్తమ్మ. మొగుడు చనిపోయిన వారం కూడా శనివారం సాయంత్రం రసం కాచి, మూత పెట్టి, ఆ తరవాత కూర్చుని ఏడ్చిన మనిషి. అలాంటి మనిషిని పట్టుకుని వంతు అంటే కడుపు మండదూ?

పోనీ ఆ వచ్చిన ఆవిడెవరు? పెద్దవీధి కొబ్బరితోటల వాళ్ళ కోడలు. నిన్నగాక మొన్న, రెండేళ్ళ కిందట, ఆ కాలువలోనే బాప్తిస్మం తీసుకుంది. పేరైనా మార్చుకోలేదు. సువార్తమ్మ తల్లి ఆ ఇంటి తోటలోనే కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు మోసి మోసి నడుం వంగిపోయి చచ్చిపోయింది. దాహమేస్తే దోసిట్లో నీళ్ళు పోసేవారు. ఆ ఇంటి కోడలు మందిరానికి వచ్చి చాప మీద పక్కన కూర్చుంటే మొదట్లో సువార్తమ్మకి గర్వంగానే ఉండేది. ఏడాది తిరక్కుండా అందరి నోటా ఆవిడ పేరే. ఆవిడ ప్రార్థన చేస్తే ఎవరికో జ్వరం తగ్గిందట. ఆవిడ పాట అందుకుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేయట. అట, అట, అట! సువార్తమ్మ ప్రార్థన చేస్తే ఎంతమందికి జ్వరాలు తగ్గలేదు? అప్పుడు ఒక్కరన్నా అట అన్నారా?

"తోటా వాళ్ళదే, బల్లా వాళ్ళదేనాండి?" అనేసింది మాస్టారితో, ఇక ఆగలేక.

మాస్టారు బళ్ళో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరెంత గట్టిగా మాట్లాడినా ఆయన గొంతు పెరగదు. "బల్ల ఎవరిదీ కాదు సువార్తమ్మా. నిన్ను ఆ రోజుల్లో ప్రభువు ఎలా చేర్చుకున్నాడో ఆవిణ్ణీ అలాగే చేర్చుకున్నాడు. ఆయన మారడు కదా," అన్నారు.

ఆయన మారడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ బతికింది సువార్తమ్మ. మొగుడు పోయినప్పుడు, తుఫానుకి ఇంటి రేకులు లేచిపోయినప్పుడు, మనుషులు మారినా ఆయన మారడని గుండె దిటవు చేసుకుంది. ఇప్పుడు ఆ మాటే గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. మారకపోతే ఎలాగ? ఇరవయ్యేడేళ్ళు చాకిరీ చేసినదానికీ నిన్న వచ్చినదానికీ ఒకటే ప్రేమా? పాతవాళ్ళ మీద కాస్త ఎక్కువ, కొత్తవాళ్ళ మీద కాస్త తక్కువ ఉండక్కర్లేదా? ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టకుండా దేవుడితో దెబ్బలాడింది. దేవుడు తిరిగి ఒక్క మాట అనలేదు. ఆయన అలవాటే అంత.

గురువారం మధ్యాహ్నం, నెత్తి మాడే ఎండలో, భవానీదేవి గొడుగేసుకుని సువార్తమ్మ ఉండే పేటలోకి వచ్చింది. చేతిలో చిన్న నోటుపుస్తకం. సువార్తమ్మ అన్నీ చెప్పింది. నల్ల ద్రాక్ష రాజోలు బజారులో ఎలాంటివి ఏరుకోవాలో, ఎన్నిసార్లు కడగాలో, ఎంతసేపు ఉడికించాలో, గుడ్డలో వేసి ఎలా పిండాలో. భవానీదేవి అన్నీ బుద్ధిగా రాసుకుంది. అంత బుద్ధిగా రాసుకోవడం చూసినా సువార్తమ్మకి మంటే.

"ఒక్క చిక్కుందండి," అంది భవానీదేవి చివర్న. "శనివారం మా అత్తయ్యగారు వెంకటేశ్వరస్వామి పూజ చేసుకుంటారండి. ఆ రోజంతా వంటిల్లు ఆవిడదే. నాకు పొయ్యి దొరకదు. మందిరం వస్తువు ఫ్రిజ్‌లో కూడా పెట్టనివ్వరండి. శుక్రవారం పొద్దున్నే కాచి, సీసాలో పోసి, నా గదిలో అలమారలో దాస్తే ఆదివారానికి నిలుస్తుందాండి?"

నిలవదు. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయి, ద్రాక్షరసం ఒక లెక్కా? శనివారం పొద్దు వాలేక కాచి, వడకట్టి, మళ్ళీ ఒకసారి మరిగించి, బాగా చల్లారేకే సీసాలో పోయాలి. కొత్తలో తను ఒకసారి పాడుచేసుకుని, అందరి ముందూ తల దించుకుని నేర్చుకున్న సంగతి అది. "శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చి మా పొయ్యి మీద కాచుకోండి" అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆ గొడుగు, ఆ నోటుపుస్తకం, ఎండ తగలని ఆ చేతులు చూసేసరికి ఆ మాట వెనక్కిపోయి ఇంకోటి బయటికొచ్చింది.

"మీ ఇష్టమండి. విశ్వాసం ఉంటే ఏదైనా నిలుస్తుంది."

భవానీదేవి ముఖం వెలిగిపోయింది. ఆ మాట కూడా పుస్తకంలో రాసుకుంది.

శనివారం సాయంత్రం సువార్తమ్మ తన పొయ్యి మీద, తన గిన్నెలో, ఎప్పటిలాగే రసం కాచింది. ఎందుకైనా మంచిదని కాస్తున్నానని తనకి తనే చెప్పుకుంది. ఆదివారం పొద్దున్న ఆ సీసాని తువ్వాల్లో చుట్టి, సంచీ అడుగున పెట్టుకుని మందిరానికి బయల్దేరింది.

మాస్టారు ప్రార్థన ముగించి భవానీదేవి తెచ్చిన సీసా మూత తిప్పారు. అంతే, బుస్సుమంది. నురగ పైకి తన్నుకొచ్చి ఆయన చేతుల మీదా, తెల్లగుడ్డ మీదా, రొట్టె మీదా పడింది. పులిసిన వాసన మందిరమంతా కమ్మేసింది. వెనక వరసలో ఎవరో "కల్లు సీసా తెచ్చేరేంటి?" అన్నారు. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. భవానీదేవి ముసుగు ముఖం మీదికి లాక్కుంది.

అప్పుడు లేచింది సువార్తమ్మ. సంచీలోంచి తువ్వాలు తీసింది, తువ్వాల్లోంచి సీసా తీసింది, నిదానంగా నడిచి వెళ్ళి బల్ల మీద పెట్టింది. "అమ్మయ్య, సువార్తమ్మ గారు లేకపోతే ఏమైపోయేది!" అని ఆడవాళ్ళంతా అన్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ ఒక్క నిమిషం ఆవిడ ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! మాస్టారు మాత్రం సీసా అందుకుంటూ ఆవిడ ముఖంలోకి ఒకసారి చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "ఎందుకైనా మంచిదని తెచ్చేనండి," అంది సువార్తమ్మ.

తరవాతి ఆదివారం భవానీదేవి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. బల్ల మళ్ళీ సువార్తమ్మ చేతికే వచ్చింది. గుడ్డ ఉతికింది, రొట్టె కాల్చింది, రసం కాచింది. అంతా పూర్వంలాగే ఉంది. ఒక్క ప్రార్థన మాత్రం కుదరడం లేదు. కళ్ళు మూసుకుంటే నోటుపుస్తకం కనిపిస్తోంది.

పాలు పోసే పెద్దింట్లమ్మ పొద్దున్నే కబురు తెచ్చింది. "పెద్దవీధి కోడలు గారు అన్నం తినట్లేదంటండి. దేవుడికి కోపమొచ్చింది, నన్ను వద్దన్నాడు అని ఒకటే ఏడుపంట."

"నాకెందుకు చెబుతావే?" అని కసిరింది సువార్తమ్మ. కసిరి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగి పోతున్నా చూసుకోకుండా నిలబడిపోయింది. పొయ్యి ఆర్పేసి, చీర మార్చుకుని, పెద్దవీధికి బయల్దేరింది.

కాళ్ళు అలవాటు కొద్దీ పెరటి గుమ్మానికే పోయాయి. తల్లి వెనకాల చిన్నప్పుడు నడిచిన దారి అది. డొక్కల గుట్ట పక్కన అరుగు మీద భవానీదేవి ఒక్కతే కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. "అయ్యో, మీరిటొచ్చేరేంటండి! వీధిలోంచి రావద్దాండి?" అంటూ లేచి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి గాజు గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. సువార్తమ్మ ఆ గ్లాసు తాగకుండా పట్టుకునే కూర్చుంది.

"మందిరానికి రావట్లేదేంటండి?" అంది ఎలాగో.

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారండి? ఆయనకి నా మీద కోపమొచ్చిందండి."

"ఎవరికి? మాస్టారికా?"

"దేవుడికండి." భవానీదేవి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "విశ్వాసం ఉంటే నిలుస్తుందని మీరు చెప్పేరు కదండి. నిలవలేదు. అంటే నాకు లేదన్నమాటే కదా. గుడిలో కొట్టిన కాయ కుళ్ళినట్టే అంటున్నారు మా అత్తయ్యగారు. కాయ కుళ్ళితే మేం ఇంకో కాయ కొట్టి, తప్పయిందని దణ్ణం పెట్టుకుంటామండి. ఈయనకి ఏం కొట్టాలండి? మీరు ఇన్నేళ్ళ నుంచి ఉన్నారు, మీకు తెలుస్తుంది. ఈయన మనసు మళ్ళీ నా వైపు తిరగాలంటే ఏం చెయ్యాలండి?"

సువార్తమ్మకి జవాబు తెలుసు. సండేస్కూలు పిల్లలకీ తెలుసు. చెప్పకుండా లేచి వచ్చేస్తే ఈ మనిషి ఇక జన్మలో మందిరం గుమ్మం ఎక్కదు. బల్ల చచ్చేదాకా తనదే. ఏం జరిగిందో ఎవరికీ తెలీదు కూడా, పైనున్న ఆ ఒక్కడికి తప్ప. తప్పు చేసినదాన్ని వద్దనుకుని ముఖం తిప్పుకునేవాడైనా బాగుండును, తనూ తప్పించుకుని పోవచ్చు. ఆ ఒక్కడూ మారడు. అదే వచ్చిన చిక్కు.

"ఆయన మనసు తిరిగేది కాదమ్మా," అంది నెమ్మదిగా. "ఒకనాడు ఇటూ ఒకనాడు అటూ తిరగడానికి అది మన మనసు కాదు. కాలువలో మునిగి లేచిన రోజున మీరంటే ఎంతో, ఆ సీసా పొంగిన రోజునా అంతే. ఇవ్వాళా అంతే."

"అయితే ఎందుకు పొంగిందండి?"

"ఎండకి పొంగిందండి. రోహిణి కార్తెలో రెండ్రోజులు నిలవుంటే ఎవరు కాచినా పొంగుద్ది. మాస్టారు కాచినా పొంగుద్ది. నాకు తెలుసండి."

"ఏం తెలుసండి?"

"పొంగుద్దని."

భవానీదేవి కళ్ళ మీంచి కొంగు దించింది. "మీ సంచీలో సీసా..." అంది.

"ఆయ్."

"అంటే మీరు శనివారమే కాచి పెట్టుకుని..."

"ఆయ్. మీరంటే కడుపుమంటండి నాకు. ఈ ఊళ్ళో నాదని చెప్పుకోడానికి ఆ పని ఒక్కటే ఉందండి. అదీ మీకే ఇచ్చేరు."

భవానీదేవి ముఖం జేవురించింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఇల్లు అదిరేలా అరిచింది. "పదిహేను రోజులండి! దేవుడు నన్ను వద్దన్నాడని పదిహేను రోజులు ఏడ్చేను. వద్దన్నది మీరాండి? లేవండి. ముందు లేచి వెళ్ళండి ఇక్కణ్ణుంచి."

సువార్తమ్మ లేచి తిన్నగా మాస్టారింటికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన అంతా విని, "ఆ రోజే అనుమానమొచ్చింది. నువ్వే చెబుతావని చూస్తున్నాను," అన్నారు. "మరి ఇప్పుడేం చేద్దామంటావ్?"

"బల్ల ఆవిడకే ఇచ్చేయండి. శనివారం మా ఇంటి తాళం పంపుతాను, మా పొయ్యి మీద కాచుకోమనండి. నేను ఆ పూట ఇంట్లో ఉండనులెండి," అంది.

మాస్టారు కబురంపితే ఆదివారం భవానీదేవి వచ్చింది. బల్ల సర్ది వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు సువార్తమ్మ పక్కన తప్ప ఖాళీ లేదు. అక్కడే కూర్చుంది గానీ ఇటు తిరిగి చూడలేదు. మాస్టారు రొట్టె విరిచారు. పళ్ళెం చేతినుంచి చేతికి మారుతూ వచ్చింది. తోటి మనిషికి అన్యాయం చేసి రాజీపడనివాళ్ళు రొట్టె ముట్టకూడదని ఆ సంఘంలో పద్ధతి. సువార్తమ్మ పళ్ళెం అందుకుని, తను తీసుకోకుండా పక్కకి ఇచ్చేసింది. ఇరవయ్యేడేళ్ళలో అదే మొదటిసారి.

భవానీదేవి పళ్ళెం పట్టుకుంది. తను తీసుకోలేదు, పక్కకీ ఇవ్వలేదు. మళ్ళీ ఇటే జరిపింది.

"తీసుకోండి," అంది చిన్న గొంతుతో, ఎదురుగా చూస్తూనే. "నాకు కోపం పోలేదండి. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు. కానీ నా సంగతి వేరు, ఆయన సంగతి వేరు. మీరే కదా చెప్పేరు. మీరు తీసుకునేదాకా నేను దీన్ని పక్కకి ఇవ్వను."

ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. సువార్తమ్మ చిన్న ముక్క తుంచుకుంది. కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి. తుడుచుకోలేదు.

ఆ వెనకే రసం గిన్నె వచ్చింది. రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగింది. తన పొయ్యి మీద, తన గిన్నెలో, భవానీదేవి కాచిన రసం. చిక్కగా ఉంది. పిప్పి తగలడం లేదు. తీపీ పులుపూ సమంగా కుదిరాయి. ఇరవయ్యేడేళ్ళలో తనకి ఒక్కనాడూ ఇంత బాగా కుదరలేదు. ఆ సంగతి నాలుకకి తెలియగానే, కన్నీళ్ళు ఇంకా ఆరకుండానే, కడుపులో పాత మంట మళ్ళీ భగ్గుమంది. సిగ్గులేని మంట!

సువార్తమ్మ గిన్నె పక్కకి ఇచ్చి, ముసుగు సర్దుకుని, తల దించుకుంది.

"నేను మారలేదు ప్రభువా, చూసేవు కదా," అంది ఎవరికీ వినపడకుండా. "నువ్వు మాత్రం మారకయ్యా."