పిడికెడు పత్తి

సీమోను ఆదోని పత్తి యార్డులో ఇరవై రెండేళ్లుగా హమాలీ. మోకాళ్లు అరిగిపోయాయి, ఇంకో రెండేళ్లు మూటలు మోస్తే గొప్ప. ఆ తర్వాత తనూ భార్య కృపమ్మా బతకాల్సింది ఇంటిస్థలం అమ్మగా వచ్చిన మూడు లక్షల మీదే. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తేలక నెల రోజులుగా అతనికి తిండి సహించడం లేదు.

మొదట బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, పెట్టుబడుల సలహాలిచ్చే పద్మను కలిశాడు. ఆమె ఓపిగ్గా అన్నీ విని, "నా ఫీజు పదైదు నూర్లు అన్నా. రశీదు ఇస్తా," అంది.

సీమోనుకు ఒళ్లు మండింది. "నోటి మాటకు పదైదు నూర్లా? ఐదు నూర్లు తీస్కో మేడం."

ఆమె పైసా తగ్గలేదు. బస్సు చార్జీలు దండగ అని గొణుక్కుంటూ ఆదోనికి తిరిగొచ్చాడు.

అదే వారం, చర్చిలో పరిచయమైన సంతోష్ తానుగా ఇంటికొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ట్యాబు, కృపమ్మకు స్వీటు డబ్బా. "మ్యూచువల్ ఫండ్‌లో పెడదామన్నా. నాకు నువ్వు ఒక్క రూపాయి ఇయ్యొద్దు, అంతా ఫ్రీ," అన్నాడు. సీమోను వెన్నలా కరిగిపోయాడు. గురువారం సాయంత్రం సంతకాలు అనుకున్నారు.

ఆ గురువారం పొద్దున తుగ్గలి నుంచి కాశప్ప అనే రైతు పత్తి తెచ్చాడు. సీమోను మూటలు దించి కుప్ప పోశాడు. కూలి అడిగేసరికి కాశప్ప గొంతు లేచింది. "ఏమప్పా, ఇంత అడుగుతాండావు? నాకు మిగిలేదేంది?" పదిమందిలో నిలబెట్టి, ఇరవై రూపాయలు తగ్గించేదాకా వదల్లేదు. సీమోనుకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో వ్యాపారులు వచ్చారు. ఒకాయన కుప్పలోంచి పిడికెడు పత్తి లాగి, పింజ సాగదీసి చూసి, మచ్చుకని ఊరికే సంచిలో వేసుకుని పోయాడు. వెనకాలే ఇంకొకాయన. ఏడుగురు వచ్చారు, ఏడు పిడికిళ్లు పోయాయి. "సూడండన్నా, బాగా సూడండి," అంటూ కాశప్ప నవ్వుతూనే ఉన్నాడు.

సీమోను రోజూ చూసేదే ఇది. కానీ ఈసారి అక్కడే నిలబడి చూశాడు. కూలి ఇంతని మొహం మీద చెప్పినందుకు తను చెడ్డవాడయ్యాడు. చెప్పకుండా పట్టుకుపోయినవాళ్లకు మర్యాదలు. పద్మ ముందు తనూ అచ్చం కాశప్పలాగే అరిచాడు కదా! సిగ్గేసింది.

సాయంత్రం సంతోష్ కాగితాలు పరిచాడు. సీమోను పెన్ను పట్టుకోలేదు.

"నాకోసం ఎండలో తిరుగుతాండావు. మరి నీ ఇల్లెట్ల గడుస్తాంది నాయనా?"

"కంపెనీ కమీషన్ ఇస్తాదన్నా."

"కంపెనీకి యాడ నుంచి వస్తాది?"

సంతోష్ నసిగాడు. "మీ సొమ్ములోంచే కొంచెం... ఏడాదికి ఒక శాతం. పోయినట్లు గూడా తెలీదు."

"ఒక్కసారేనా?"

"ప్రతి ఏడూ."

"నష్టమొచ్చిన ఏడు?"

"అప్పుడు గూడా తీస్కుంటారన్నా."

"మూడు లక్షలకు మొదటి ఏడే మూడు వేలు," అంది గడప దగ్గర కూర్చున్న కృపమ్మ. స్వీటు డబ్బా అప్పటికే సగం ఖాళీ. ఆ మిగిలిన సగం మూత పెట్టి సంతోష్ పక్కన ఉంచింది.

మర్నాడు సీమోను మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కాడు. పద్మ అతన్ని గుర్తుపట్టింది కానీ ఎత్తిపొడవలేదు, సంతోష్ సంగతంతా వింది. "సంతోష్ సెప్పిన ఫండే డైరెక్ట్ ప్లాన్‌లో కొనొచ్చన్నా. అందులో నడిమి మనిషి కమీషన్ ఉండదు. కంపెనీ తన ఖర్చుకు ఎంత తీస్కుంటాదో ఈడ రాసింటాది, సూడు," అని కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "ఇంక నా ఫీజు ఎందుకంటావా..."

సీమోను అప్పటికే మూడు ఐదు వందల నోట్లు బల్ల మీద పెట్టేశాడు.

"అది నాకు సెప్పొద్దు మేడం. నేను హమాలీని."