ఎర్ర లైటులో పిట్టలు

పాడినవాళ్లకు చప్పట్లు, తెర రాసినవాళ్లకు గోళ్లలో రంగు. నాటకాలవాళ్ల న్యాయం ఇదే. అక్క ఏళ్ల తరబడి స్టేజీ వెనక తెరల మీద బొమ్మలు రాసింది, చెల్లెలు వాటి ముందు నిలబడి పాడింది. జనం చెల్లెల్ని నెత్తిన పెట్టుకున్నారు. అక్కకి కడుపు మండింది. మండదా మరి?

ఈసారి చెల్లెలి పాట వెనక ఖాళీ ఆకాశం చాలన్నారు. అక్క వింటేనా? తెల్లగుడ్డ నిండా ఎర్రటి పిట్టల గుంపు రాసిపారేసింది. రాసిందీ చూసుకుందీ రంగులు వేసే షెడ్డు ముందు ఎండలోనే, స్టేజీ లైట్లలో కాదు. లైట్లు పెట్టని రిహార్సల్లో అందరూ నోళ్లు తెరిచారు.

"జనం చూడాల్సింది నన్నా, నీ పిట్టల్నా?" అంది చెల్లెలు.

"గొంతులో సత్తా ఉంటే పిట్టలంటే భయమెందుకే?"

"నాలుగు రెక్కలు గీసి ఎంత నీలుగుడో!"

ప్రదర్శన రోజు పాట ఎత్తుకోగానే స్టేజీ అంతా ఎర్రబడింది. గుడ్డా ఎరుపే, పిట్టలూ ఎరుపే. ఒక్క రెక్క కనబడితే ఒట్టు. అక్క లైట్ల దగ్గరికి పరుగెత్తింది. లైట్లు వేసేది చెల్లెలి మొగుడే.

"నా పిట్టలేవి మరిదీ?"

"నన్ననకు వదినా. పాటకి ఎర్ర లైటే వెయ్యమంది మీ చెల్లెలు. వెయ్యకపోతే ఇంట్లో నాకు చీకటే."

"ఎరుపులో ఎరుపు కలిసిపోతుందని దానికెలా తెలుసు?"

"ఓసారి దాని చీర మీద ఎర్రపూలు ఈ లైటులోనే మాయమయ్యాయి. ఎంత ఏడ్చిందనుకున్నావ్!"

అక్క పళ్లు నూరింది. అంతలో పాట అయిపోయింది. పాటవగానే తెల్ల లైటు వెయ్యడం మరిదికి అలవాటు. వేశాడు.

లేని పిట్టలు ఒక్కసారిగా లేచాయి.

"అబ్బో!" అంది హాలు. చప్పట్లు దద్దరిల్లాయి. చెల్లెలు వంగి దండం పెట్టింది. చప్పట్లు ఆగలేదు. తలెత్తి చూస్తే ఒక్క కన్నూ తన మీద లేదు. వెనక్కి తిరిగింది.

ముందు తెర పడగానే అక్క మీద విరుచుకుపడింది. "నా చప్పట్లు మింగేశావు కదే!"

"వడ్డించింది నువ్వేగా. అరిగించుకోనీ."

"రేపు పాటయ్యాక కూడా ఎర్ర లైటే! ఏమండీ, మీకే చెబుతున్నా!"

మరిది తలొంచుకుని వైర్లు చుట్టసాగాడు.

తెల్లారి అక్క తెరని ఎండలో పరిచి, నల్లరంగు డబ్బా మూత తీసింది. నలుపు ఏ లైటుకీ లొంగదు. ముందుగా, చెల్లెలు నిలబడే చోటికి వెనక, సరిగ్గా నెత్తికి పైన కనబడే పిట్టకి రాసింది.