మాత్ర వేసుకున్నావా?

"మాత్ర వేసుకున్నావా?" అని భర్త అడిగినప్పుడల్లా మొదట్లో ఆమెకి కళ్లు చెమర్చేవి. పెళ్లయిన ఇన్నేళ్లలో తిన్నావా అని కూడా అడగని మనిషి పొద్దున్న లేస్తూనే మందు సంగతి అడుగుతున్నాడంటే ప్రేమ కాక మరేమిటనుకుంది. ఆ ప్రశ్నకి ఒక తోక ఉంటుందని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. మాత్ర వేసుకున్నావా, అయితే నా చొక్కా ఇస్త్రీ చేసెయ్. మాత్ర వేసుకున్నావా, మరి అమ్మకి నీళ్లు కాచలేదేం? నొప్పి తగ్గిందా అని మాత్రం నోరు జారి కూడా అడగలేదు మహానుభావుడు.

పెద్ద హోటల్లో గదులు సర్దే పని ఆమెది. ఎవరో పడుకుని లేచిన పక్కలు దులిపి, ఎవరో స్నానం చేసిన తొట్టి తోముతూ సబ్బునీళ్లలో కాలు జారింది. తొట్టి అంచు నడుముకి తగిలి వెన్నుపూస చిట్లింది. "చూసుకుని నడవొద్దూ?" అని సూపర్‌వైజర్ విసుక్కుని, జీతం లేని సెలవిచ్చి పంపించాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని మరీ చెప్పింది.

"ఈ మాత్రలో రెండు మందులు కలిసి ఉంటాయమ్మా. ఒకటి నల్లమందు జాతిది. నొప్పిని అణుస్తుంది, మత్తిస్తుంది, ఎక్కువైతే ఊపిరిని కూడా అణిచేస్తుంది. రెండోది మామూలు జ్వరం మాత్రలో ఉండేదే. అందుకని దీనికి తోడు జ్వరం మాత్ర మింగారంటే కాలేయం పోతుంది. మత్తొచ్చే జలుబు సిరప్పులు, నిద్రమాత్రలు అసలొద్దు. నొప్పి ఆగకపోతే ఇంకోటి వేసుకోకండి, నాకు ఫోన్ చెయ్యండి. మీ మాత్రలు ఇంకెవరికీ ఇవ్వకండి. అన్నిటికన్నా ముఖ్యం, పడుకోండి. వంగడాలూ బరువులెత్తడాలూ వద్దు."

భర్త పక్కనే నిలబడి, ఫోన్లో స్కోరు చూసుకుంటూ తలూపాడు.

డాక్టరమ్మ రాసినవి మాత్రలూ, విశ్రాంతీ. మందులషాపులో విశ్రాంతి అమ్మరు కాబట్టి ఇంటికి మాత్రలొక్కటే వచ్చాయి.

వారం తిరక్కుండానే ఆమె వంటింట్లో ఉంది. అత్తగారు రాక్షసేమీ కాదు. "నేను పురిటి మంచం దిగి నీళ్లు మోశానమ్మాయ్. అప్పుడివన్నీ ఎక్కడివి? మీరు అదృష్టవంతులు," అని నిజంగానే నమ్మి చెప్పేది. మోకాళ్ల నొప్పికి తనకీ ఒకటిమ్మంటే, వద్దన్నారత్తయ్యా అంది ఆమె. "దాచుకో తల్లీ నీ బంగారం," అని ఆవిడ రెండ్రోజులు మూతి ముడుచుకుంది. మాత్ర వేసుకున్నాక నొప్పి పక్కగదిలోకి వెళ్లి కూర్చునేది. అక్కడే ఉందని ఆమెకి తెలుస్తూనే ఉండేది. వంగి ఇల్లు తుడిచినా, గిన్నెలు తోమినా దాని బాకీ సాయంత్రానికి వడ్డీతో సహా వసూలు చేసుకునేది. కానీ మూలుగు లేదు కదా! మూలగని మనిషికి నొప్పేమిటని ఇంట్లో వాళ్ల తీర్పు. ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది, ఈ మందు తన నొప్పికా, తన మూలుగు వినలేని వాళ్ల చెవులకా అని.

ఆ ఆదివారం ఆడపడుచు మొగుడితో వచ్చింది. వంటింట్లో ఉన్న ఆమెకి ముందురోజు నుంచే జలుబు, ఒళ్లు వెచ్చగా ఉంది. పొద్దున వేసుకోవాల్సిన మాత్ర వేసుకుంది. వంట సగంలో ఉండగా నడుములో మేకు దిగ్గొట్టినట్టయింది.

"కాసేపు పడుకుంటానండీ. నిలబడలేకపోతున్నాను."

"ఇప్పుడా? వాళ్లేమనుకుంటారు? ఇంకోటి వేసేసుకో, వాళ్లు వెళ్లేదాకా ఎలాగోలా గడిచిపోతుంది," అన్నాడు భర్త. తనే వెళ్లి మాత్ర తెచ్చాడు, గ్లాసుతో నీళ్లు కూడా తెచ్చాడు. కాపరానికొచ్చాక అతని చేతి నీళ్లు తాగడం అదే మొదలు. ఇంకా వేళ కాలేదని ఆమెకి తెలుసు. వాదించడానికి కావలసిన ఓపిక వంట చెయ్యడానికి కావలసినదానికన్నా ఎక్కువ. మింగేసింది.

తర్వాత అత్తగారు నుదుటి మీద చెయ్యి వేసి చూసి, జ్వరం మాత్రలు రెండు తెచ్చింది. డాక్టరమ్మ వద్దందని గొణిగితే, "జ్వరం మాత్రక్కూడా డాక్టరు పర్మిషనా? పుట్టిన్నించీ మింగుతున్నాం," అంది. ఆడపడుచు బ్యాగులోంచి జలుబు సిరప్పు తీసి, "ఇది తాగు వదినా, హాయిగా ఉంటుంది," అని మూతతో పోసింది. ముగ్గురికీ ఆమె మీద అభిమానమే. ముగ్గురిలో ఒక్కరూ లేచి గరిటె అందుకోలేదు.

వండి, వడ్డించి, గిన్నెలు తోమి, అయిదు నిమిషాలని చెప్పి వెళ్లి పడుకుంది. తర్వాతిదంతా ఆడపడుచు చెప్పగా తెలిసిందే. గదిలోంచి గురక వినబడిందట. "చూశావా, ఇంటికి చుట్టాలొచ్చారన్న ధ్యాసైనా లేదు," అన్నాడట భర్త. అందరూ నవ్వారట. గురక వినబడకుండా టీవీ సౌండు పెంచారట. గురకకీ గురకకీ మధ్య ఎడం పెరిగి, చివరికి ఆగిపోతే, హమ్మయ్య అనుకున్నారట.

టీ వేళయ్యింది. "వదినా, లే, అన్నయ్యకి తలనొప్పిగా ఉందట, టీ పెట్టు," అని లేపడానికొచ్చిన ఆడపడుచుకి నీలం తిరిగిన పెదవులు కనిపించాయి.

అలా బతికింది. ఆమె ఇంకాస్త మంచి కోడలై, టీ కూడా కాచి ఫ్లాస్కులో పోసిపెట్టి పడుకుని ఉంటే, రాత్రి వంట వేళ దాకా ఆ గది గుమ్మం ఎవరూ తొక్కేవారు కాదు. ఆసుపత్రి మంచం మీద ఈ సంగతి తట్టినప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు. దుప్పటి మెడదాకా లాక్కుంది.

విరుగుడు ఇంజక్షన్లయ్యాయి. కాలేయం పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. "తనే వేసుకుందండీ. చిన్నపిల్లా? చూసుకోవద్దూ?" అని భర్త డాక్టరమ్మతో అంటూంటే ఆమె కళ్లు మూసుకుని విన్నది. అబద్ధమని కూడా అనలేం. మింగింది ఆమె గొంతే.

రెండ్రోజులకి డాక్టరమ్మ మంచం పక్కకొచ్చింది. "మందు మారుస్తున్నాను. ఇన్నాళ్లూ వాడినది కాబట్టి కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలి. వేళకి లెక్కగా ఇచ్చేవాళ్లుండాలి, నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసేవాళ్లుండాలి. ఈవిడ మంచం దిగకూడదు. అలా చూసుకునేవాళ్లుంటే రేపు ఇంటికి పంపిస్తాను. లేదంటే నయమయ్యేదాకా వార్డులోనే ఉంచుతాను."

"భలేవారే డాక్టరుగారూ! ఇంటినిండా మనుషులే," అన్నాడు భర్త.

"కన్నకూతుర్లా చూసుకుంటాం," అంది అత్తగారు. ఆవిడ కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

డాక్టరమ్మ ఇద్దరికేసీ చూసి, ఆమె వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. ఇంట్లో మిమ్మల్ని చూసుకునేవాళ్లున్నారా?"

ఆమె నోటికి అలవాటైన జవాబొకటుంది. ఉన్నారండీ, నాకేం లోటు, అనేది. పుట్టింటివాళ్లకీ, పక్కింటివాళ్లకీ, హోటల్లో తోటి ఆడవాళ్లకీ అదే చెప్పింది. అది పెదవుల దాకా వచ్చింది కూడా. భర్త ఆమెకేసి చూసి, ధీమాగా మంచం కింద సంచీ కోసం వంగాడు. అతను ఎంత తేలిగ్గా వంగాడో చూస్తూ ఆమె చెప్పింది.

"ఎవరూ లేరండీ."