తెర మీది ఫొటో

మాదాపూర్‌లో జరిగే వెబ్ డిజైన్ సదస్సుకు రెండు పాసులు దొరికాయని దయాకర్ చెబితే వనిత మొదట నమ్మలేదు. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా, జిరాక్స్ షాపు పైన ఒక్క గదిలో నడిచే ఆఫీసు వాళ్లది. దయాకర్ యజమాని. వనిత మూడేళ్లుగా అతని దగ్గర వెబ్‌సైట్లు తయారు చేస్తోంది. శేరిగూడలో తను చదివిన ఇంజనీరింగ్ కాలేజీ సైటు కూడా ఆమె చేసిందే.

సదస్సులో బెంగళూరు నుంచి వచ్చినాయన పొద్దున్నంతా ఒకటే చెప్పాడు: చూసేవాళ్లకు ఏం కావాలో ముందు అదే ఆలోచించండి. వనిత నోటుబుక్కులో రాసుకుంది. పక్కనే కూర్చుని విన్న దయాకర్ భోజనం కాగానే వెళ్లిపోయాడు. భోజనాలయ్యాక ఆయన, ఎలా చేయకూడదో చూపిస్తానంటూ గోడంత తెర మీద కొన్ని సైట్లు వేశాడు. మూడోది వనిత చేసిన కాలేజీ సైటు.

ఎర్రటి అక్షరాలు అడ్డంగా పరుగెడుతున్నాయి. వాటి కింద ఉద్యోగాలు వచ్చిన విద్యార్థుల ఫొటోలు. అందులో వనితది కూడా ఉంది, పేరు పక్కన పెద్ద కంపెనీ పేరుతో సహా. ఆ కంపెనీ గేటు కూడా ఆమె ఎప్పుడూ దాటలేదు. కాలేజీ వాళ్లు పెట్టమన్నారు, దయాకర్ "ఒక్క ఫొటోకు నీకేం బోయింది" అన్నాడు, ఆమె తన చేత్తోనే పెట్టింది.

హాలంతా నవ్వింది. వనిత కూడా నవ్వింది. పక్క కుర్చీలో ఉన్న, ఆదిభట్ల సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో పనిచేసే అమ్మాయి "ఎవరు చేసిన్రో పాపం" అంటే, "ఏమో" అంది.

ఇంటికి వెళ్లే బస్సులో తను నవ్విన ఆ నవ్వే ఆమెను తొలిచేసింది. నాలుగు రోజులు కూర్చుని కాలేజీ పేజీ మళ్లీ మొదటి నుంచి తయారు చేసింది. చిన్న ఫోన్లో కూడా తొందరగా తెరుచుకుంటుంది. పోయిన బ్యాచిలో రెండొందల నలభై మందిలో పందొమ్మిది మందికే ఉద్యోగాలు వచ్చాయని పెద్ద అక్షరాల్లో రాసింది. తన ఫొటో తీసేసింది. సోమవారం పొద్దున ఎవరినీ అడగకుండా సైటులో పెట్టేసింది.

మధ్యాహ్నానికి దయాకర్ మెట్లెక్కి వచ్చాడు. కూర్చోలేదు.

"ఎవర్నడిగి పెట్టినవ్?"

"చూసేటోళ్లకు మంచిగ అర్థమైతది గదన్నా. మనం మాదాపూర్ల విన్నది గదే గదా."

"అర్థమైతే ఎవడు చేరుతడు? అర్థం కావద్దనే గట్ల చేపిచ్చిన్రు. గా మాత్రం తెల్వదా నీకు?"

నిజంగానే ఆమెకు తెలియదు. ఆ పేజీ అలా ఉండడానికి తన పనితనం చాలకపోవడమే కారణమని మూడేళ్లుగా అనుకుంటోంది.

"పాతదే పెడ్తె, నా ఫొటోనన్న తీసెయ్."

"గది కాలేజోళ్ల ఇష్టం."

సాయంత్రానికి పాత పేజీ వచ్చేసింది. మర్నాడు ఆమె పాస్‌వర్డ్ పనిచేయలేదు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

రెండు నెలల తర్వాత, ఆదివారం ప్రార్థన అయ్యాక, వాళ్ల వాడలోనే ఉండే మేస్త్రీ నారయ్య చర్చి బయట ఆమె దగ్గరికి వచ్చాడు.

"నీ ఫొటో జూసే నా బిడ్డను గా కాలేజిల ఏసిన. గంత పెద్ద నౌకరి చేస్తున్నవని మీ అమ్మ మరియక్క ఒక్కనాడు చెప్పకపాయె."

"నాకు గా నౌకరి లేదు కాకా. ఎన్నడు లేదు. గది అబద్ధం. నేనే పెట్టిన."

నారయ్య గేటు వైపు తిరిగాడు. అక్కడ అతని కూతురు స్నేహితురాళ్లకు కొత్త ఐడీ కార్డు చూపిస్తోంది.

"సర్టిఫికెట్లన్ని ఆళ్లకాడనే ఉన్నయ్, నాలుగేండ్ల ఫీజు కట్టందె ఇయ్యరు," అన్నాడు. "పిల్లకు మాత్రం చెప్పకు."

అంతలో ఆ పిల్లే పరుగున వచ్చింది. "అక్కా, మీ కంపెనీల ఇంటర్వ్యూ ఎట్లుంటది?"

నారయ్య వనిత ముఖంలోకే చూస్తున్నాడు.

"జర కష్టంగనే ఉంటది," అంది వనిత.