పాఠం చివర నా గొంతు

ముందు నా మాట సంగతి చెప్తాను. అది తెలిస్తే గానీ మిగతాది అర్థం కాదు. నాది నిదానం మాట. ఒక మాట బయటికొచ్చి, రెండోది దాని వెనకాల నడుచుకుంటూ వచ్చేలోగా ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోతారు. గోడలకి రంగులేసి బతికాను. గోడకి తొందర ఉండదు కాబట్టి నా బతుకు వెళ్ళిపోయింది. ఇంట్లో అలా కాదు. మీ నాన్న, అంటే నా కొడుకు, గబగబా మాట్లాడతాడు. మీ అమ్మ, అంటే నా కోడలు, వాడికంటే గబగబా. నేను "కూరలో..." అంటాను. "ఉప్పు తక్కువైందా మావయ్యా, ఇదిగో" అని డబ్బా నా ముందు పెట్టేసి వెళ్ళిపోతుంది. నేను చెప్పబోయింది వెంట్రుక సంగతి.

మీ అమ్మ మీద నేనన్న మాటలు నీ చేత్తోనే రాయిస్తున్నాను. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు, ఆపేస్తాను. రాస్తావా? సరే, రాయి.

మీ అమ్మ చూపులేని పిల్లల బడికి పాఠాలు చదివి పంపిస్తుంది, నీకు తెలుసుగా. పుస్తకం చూసి మైకులో చదువుతుంది, అది కంప్యూటర్లోకి వెళ్తుంది, పిల్లలు చెవులకి పెట్టుకుని వింటారు. ముందు గదిలో ఆ మైకు ఉంది. కంప్యూటర్లో గుండ్రటి బొమ్మ నొక్కితే మైకు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగిందంటే మాట లోపలికి పోతున్నట్టు.

నాకు మీ అమ్మ మీద కోపం వస్తే జవాబు వెంటనే తట్టదు. సాయంత్రానికి తడుతుంది. అప్పటికి ఆవిడ బజారుకెళ్ళి ఉంటుంది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు ఆ మైకు ముందు కూర్చుని, దీపం వెలిగించి, అనాల్సిందంతా అన్నాను. ఎంత నిదానంగా అన్నా అది అడ్డం రాలేదు. "సరే సరే" అనలేదు. ప్రాణం హాయిగా అనిపించింది. తర్వాత తుడిచేశాను. తుడవడం నువ్వే నేర్పావు, నా ఫోటోలు ఎక్కువైపోయాయని. నొక్కు, డిలీట్ చెయ్యి, చెత్తబుట్ట ఖాళీ చెయ్యి. అంతే కదా అనుకున్నాను.

ఇక అదే అలవాటైపోయింది. కోపం వస్తే మైకు దగ్గరికి. అయిపోయాక చెత్తబుట్ట ఖాళీ.

నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలుగే కూడబలుక్కుని చదువుతాను. అందుకని నా గుర్తు ఒకటే. వరసలో అన్నిటికన్నా అడుగున ఉన్నది నాది, ఎందుకంటే ఇప్పుడే మాట్లాడాను గనక. ఒకరోజు మీ నాన్న కంప్యూటరు సర్దాడు. మీ అమ్మ పాఠాలన్నీ ఒక పచ్చటి సంచి బొమ్మలో, మీరు ఫోల్డరంటారే, దాంట్లో పడేశాడు. ఆ సంచి అడుగున కూర్చుంది. మర్నాడు నేను నా తిట్లు తిట్టుకుని, అడుగున ఉన్నదాన్ని నొక్కాను. పచ్చగా ఉందేంటి అనుకున్నాను, ఏదో మార్చాడులే అనుకున్నాను. డిలీట్. చెత్తబుట్ట ఖాళీ. తీరా చూస్తే నాది ఇంకా పైన అలాగే ఉంది.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి నోరు రావట్లేదు. ముందు నాది తుడిచాను. ఆ తర్వాతే ఆవిడవి ఏమయ్యాయని వెతికాను.

మీ అమ్మ వచ్చి చూసుకుని కుప్పకూలిపోయింది. పిల్లలకి పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. ఆ ఏడాది పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. సగం కూడా ఇంకా బడికి పంపలేదు.

"నిన్న సర్దింది మీరే కదండీ" అని మీ నాన్న మీద పడింది.

"సర్దాను గానీ తీసెయ్యలేదే!"

"మీ సర్దుడు నాకు తెలీదా? పెళ్ళి ఫోటోలు సర్దితే ఈ రోజుకీ దొరకలేదు."

"అవి దొరక్కపోవడమే మంచిది. అందులో నా మీసం చూశావా?"

నేను కుర్చీలో కూర్చుని పేపరు పట్టుకున్నాను. మీ నాన్న నా వైపు తిరిగి, "నాన్నా, నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నాడు. నేను "అంటే..." అన్నాను. "ఎవరు ముట్టుకుంటారు, ఆయన కునుకు తీస్తుంటారు" అని మీ అమ్మే నా తరఫున చెప్పేసింది. నేను ఊరుకున్నాను. నా మాట ఒకళ్ళు పూర్తి చేస్తే నాకు ఎంత మంటో చెప్పాను కదా. ఆ రోజు మాత్రం హమ్మయ్య అనుకున్నాను.

వాళ్ళిద్దరికీ పనులుండి, కంప్యూటరు పెట్టె ఆటోలో వేసుకుని బాగుచేసే ఆయన దగ్గరికి నేనే వెళ్ళాను. ఆయన కొట్టు మీద కంప్యూటర్ల ఆసుపత్రి అని రాసుకున్నాడు, అందుకని అందరూ ఆయన్ని డాక్టరు అంటారు. పాఠాలు బతకవు అంటాడనే నా ఆశ. నిజం చెప్తున్నాను, బతక్కూడదనే కోరుకుంటూ వెళ్ళాను. ఆవిడవి బతికితే నావీ బతుకుతాయేమోనని భయం. పోతే రెండూ పోయాయి, ఆవిడవీ నావీ.

"పెద్దాయనా, డిలీట్ చేస్తే పోవడం ఏం ఉండదు" అన్నాడు డాక్టరు. "ఇంటి ముందు పేరున్న బోర్డు పీకేసినట్టు. లోపల మనుషులు అలాగే ఉంటారు."

నేను ఆయన బల్ల దగ్గరికి జరిగాను. "ఎన్నాళ్ళు... ఉంటారు?"

"ఆ చోట్లో ఇంకోటి వచ్చి పడేదాకా."

"పాతవి కూడానా?"

"అదృష్టం బావుంటే చాలా పాతవి కూడా."

ఆయన అదృష్టం అంటున్నాడు. "మరి... అసలు మిగలకుండా చెయ్యాలంటే?"

"ఉందిగా. మొదటినుంచి చివరిదాకా సున్నాలు నింపేస్తాను. ఇంక దేవుడొచ్చినా తియ్యలేడు. కానీ పాఠాలు కావాలన్నారుగా?"

నాకది రంగుల లెక్కలో అర్థమైంది. గోడ మీద రాత ఉంటే ఒక చేయి సున్నం కొట్టినా కనిపిస్తుంది. మొత్తం గోడ గట్టిగా కప్పాలి. కప్పితే రాతతో పాటు పక్కనున్న బొమ్మ కూడా పోతుంది. "నింపెయ్యండి, పాఠాలు దొరకలేదని చెప్తాను" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. నా నిదానం సంగతి తెలుసుగా, అది బయటికి వచ్చేలోగా ఆయన ఏదో నొక్కాడు, తెర మీద వరసగా పైకి లేచాయి. "వచ్చేశాయి! పేర్లు పోయాయి, అంకెలే ఉన్నాయి, పర్లేదు" అని ఒకటి నొక్కి స్పీకరు పెట్టాడు.

"అమ్మాయ్..." అంది నా గొంతు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. "నువ్వు..." అంది. మళ్ళీ ఏమీ లేదు.

"ఇది చెడిపోయింది" అన్నాడు డాక్టరు. "మధ్య మధ్యలో ఆగిపోతోంది."

ప్రింటరు బాగుచేయించుకోవడానికొచ్చిన ఒకావిడ పక్కనే నిలబడి వింటోంది. "...పెద్ద చదువుకున్నదాన్నని..." అంది నా గొంతు. "...నీకు పొగరు" అంది.

ఆవిడ ఫక్కున నవ్వింది. "చెడిపోలేదండీ, తాతగారు తీరిగ్గా తిడుతున్నారు!"

డాక్టరు స్పీకరు ఆపి నా మొహం చూశాడు. ఆయనకి అర్థమైపోయింది. నవ్వలేదు. నవ్వితే బావుండేది.

"ఇవన్నీ పెన్‌డ్రైవులో వేసిస్తాను, కొత్త డిస్కు బిగిస్తాను" అన్నాడు మెల్లిగా. "ఎవరో ఒకళ్ళు కూర్చుని ప్రతీదీ విని, కావలసినవి కొత్తదాంట్లోకి లాక్కోవాలి. అయ్యాక పాత డిస్కు, పెన్‌డ్రైవు రెండూ సున్నాలు పెట్టి తుడిచేస్తాను. ఎవరు వింటారనేది మీ ఇష్టం."

ఇంటికొచ్చి, "నేనే వింటానమ్మా, నాకు పనేముంది" అన్నాను. మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది. "మావయ్యా, మీరు బంగారం. నాకైతే అంత ఓపిక లేదు" అంది. మీ నాన్నతో "చూసి నేర్చుకోండి" అంది.

హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ గొంతు వస్తే కొత్త డిస్కులోకి లాగడం, నాది వస్తే వదిలెయ్యడం. నాది మొదటి మాటకే తెలిసిపోతుంది, ఆ తర్వాత వినక్కర్లేదు. కానీ విన్నాను. కూరలో వెంట్రుక, తువ్వాలు తడిగా ఉండటం, చుట్టాల ముందు "మావయ్యకి అంతగా వినపడదు" అనడం. వాటికి నేనన్న మాటలు మాత్రం చిన్నవి కావు. ఆవిడ పుట్టింటిదాకా వెళ్ళాను. ఆవిడవి వింటే నీళ్ళచక్రం, ఆకులు తిండి తయారు చేసుకోవడం, పటంలో దిక్కులు. పిల్లలు చూడలేరని ప్రతి బొమ్మనీ మాటల్లో చెప్పింది. "ఎడమచేతి వైపు ఒక కొండ ఉంది, దాని నడుం మీంచి మబ్బు వెళ్తోంది" అని ఎంత నిదానంగా చెప్పిందో. ఇంట్లో గబగబా మాట్లాడే మనిషి. అంత నిదానం ఆవిడకి వచ్చని నాకు తెలీదు.

ఆఖరికి గుండెకాయ గురించి ఒక పాఠం వచ్చింది. పెద్ద పాఠం. చివరిదాకా చదివింది. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. దీపం ఆపడం మర్చిపోయి వెళ్ళింది. నాకు ఆ రోజు గుర్తొచ్చింది. దీపం వెలిగే ఉందే, ఒక పని తప్పిందని కూర్చున్నాను. అడుగుల చప్పుడు వినపడితే మధ్యలో లేచిపోయాను. నేను ఏ బొమ్మా నొక్కలేదు గనక ఏదీ నిలవదనుకున్నాను.

నిలిచింది. పాఠం చివర నా గొంతు. "అమ్మాయ్... నీ గొంతు... ఎవరు భరిస్తారు? కళ్ళు లేని పిల్లలు గనక... చచ్చినట్టు కూర్చుని వింటున్నారు. కళ్ళుంటే... ఎప్పుడో లేచి పోయేవాళ్ళు."

నేనే అన్నాను ఆ మాట. ఇంకోసారి పెట్టుకుని విన్నాను, వేరే ఎవరైనా అయి ఉండకూడదా అని.

ఆ చివరి ముక్క కొయ్యడం నాకు రాదు. లాగకుండా వదిలేస్తే సున్నాల్లో కలిసిపోతుంది, ఆ ఒక్కటీ దొరకలేదని చెప్పొచ్చు. పరీక్షలో గుండెకాయ అడిగితే పిల్లలు ఏం రాస్తారో వాళ్ళ ఖర్మ. లాగితే మీ అమ్మ వినే తీరిక లేక అలాగే పంపేస్తానంది, అప్పుడు పిల్లలు వింటారు. మౌసు పట్టుకుని కూర్చుండిపోయాను. ఇంతకు ముందే ఆవిడవి కాదని నావి చూసుకున్నాను. మళ్ళీ అదే చెయ్యబోతున్నాను.

"అమ్మాయ్, ఒకసారి రా."

తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. "అయిపోయాయా మావయ్యా?"

"ఇందులో... చివర... నేనున్నాను."

"దగ్గారా? పర్లేదులెండి, కోసేస్తాను."

"దగ్గలేదు. తిట్టాను."

నవ్వింది. "ఎవర్ని, మీ అబ్బాయినా?"

నేను హెడ్‌ఫోను తీసి ఆవిడ చేతికిచ్చాను. "వినకుండా కోసెయ్యమ్మా."

"వినకపోతే ఎక్కడ కొయ్యాలో ఎలా తెలుస్తుంది?" అని పెట్టుకుంది.

గబగబా తిట్టేవాణ్ణయితే గబగబా అయిపోయేది. నా మాట ఎంత నిదానమో ఆ రోజు తెలిసింది. ఒక్కో మాటకీ ఆవిడ మొహం మారడం చూస్తూ, తర్వాత మాట ఏదో నాకు ముందే తెలిసి, నిలబడ్డాను. అయిపోయింది. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"నన్నన్నారు, సరే. కోడల్ని అనని మామ ఎక్కడున్నాడు? ఆ పిల్లలేం చేశారు మీకు?"

జవాబు తట్టలేదు. సాయంత్రానికీ తట్టలేదు. ఈ రోజుకీ లేదు.

పచ్చ సంచి సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. ముందు నావి తుడుచుకున్నానని కూడా. ఆవిడ ఒక్క మాట కూడా మధ్యలో అందించలేదు. అంతా విని, గుమ్మం దగ్గరికెళ్ళి, "ఏమండీ, పోగొట్టింది మీరు కాదట" అంది. మీ నాన్న లోపలికొచ్చి, "అయితే నన్ను తిట్టిన తిట్లు ఎవరు వాపసు తీసుకుంటారు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడు మా ఇద్దరి మొహాలూ చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆవిడ కూర్చుని నా గొంతు కోసేసింది. పాఠం బడికి పంపింది. తర్వాత, "మిగతావి అన్నీ నా మీదేనా?" అంది.

"చాలా మటుకు."

పెన్‌డ్రైవు పీకి అటూ ఇటూ తిప్పి చూసింది. వింటుందేమోనని నా ప్రాణం పోయింది. "వద్దులెండి, నాకు పనుంది" అని డాక్టరుకి ఫోన్ చేసింది. "ఆ డిస్కు తుడిచెయ్యండి. పెన్‌డ్రైవు కూడా పంపిస్తాను. లేదండీ, అందులోంచి ఇంకేం తియ్యక్కర్లేదు."

అన్నం పెట్టడం మానలేదు. మందులివ్వడం మానలేదు. మావయ్యా అని పిలవడం కూడా కొన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెట్టింది. ఒకటే మారింది. ఇప్పుడు పాఠం చదవబోయేటప్పుడు ముందు గదికి లోపల్నుంచి గడియ పెట్టుకుంటుంది. ఆ చప్పుడు ఎవరి కోసమో నాకు తెలుసు.

గడియ పడగానే నేను కుర్చీ తీసుకెళ్ళి వీధి గుమ్మం దగ్గర వేసుకుంటాను. ఎవరైనా బెల్లు నొక్కబోతే చెయ్యెత్తి ఆపుతాను. ఎందుకని అడిగితే లోపలికి చూపించి, నోటి మీద వేలు పెట్టుకుంటాను. ఆవిడ చదవడం అయిపోయేదాకా అక్కడే కూర్చుంటాను.