నిర్దోషికి వేసిన సంకెల

నేనొక చేతి తొడుగును. నేరమేమీ చేయని చేతిని బంధించడానికే నన్ను కుట్టారు.

నా పూర్వజన్మ ఒక పాత తువ్వాలు. లోపల దూది కుక్కి, మణికట్టు దగ్గర నాడాలు పెట్టి, తన కోడలు వీరవేణి ఎడమచేతి కోసం నన్ను తయారుచేసింది రామతులశమ్మ. ఆత్రేయపురంలో పూతరేకులు తీసిన చేతులు వీరవేణివి. పలచటి బియ్యపు జావలో ముంచిన గుడ్డను రెండు చేతులా చాచి పట్టుకుని, బోర్లించిన వేడి కుండమీద ఒక్క ఊపున లాగితే రేకు వచ్చేది. పక్షవాతం ఆమె కుడిచేతిని పడగొట్టింది. కుండ దగ్గర పీట ఖాళీ అయింది. మళ్లీ ఆ పీటమీద కూర్చోవాలి; ఆమె కోరిక అదొక్కటే.

అడ్డుపడినది అత్తగారి ప్రేమ. కుడిచెయ్యి లేవదు, ఎడమచేత్తో అన్నం తినడం ఆ ఇంట మర్యాద కాదు. అందుకని పూటపూటా రామతులశమ్మే ముద్దలు కలిపి నోటికి అందించేది.

"మామ్మగారూ, మీరు ముద్దలు పెడుతుంటే ఆ చెయ్యి ఎందుకు లేస్తుందండీ? కొత్తల్లుడికి మల్లే కూర్చుంటుంది!" అంది వ్యాయామాలు చేయించడానికి వచ్చే ఎస్తేరు. "వేళ్లు కాస్త కదులుతున్నాయి కదా. రోజూ కాసేపు మంచిచెయ్యి సాయానికి రాకుండా కట్టేయండి. కుడిచేత్తోనే తిననీండి."

అలా వచ్చాను నేను. మొదటిరోజు మెతుకులు ఒళ్లో పడ్డాయి, చాపమీద పడ్డాయి. నోటికి మాత్రం చేరలేదు. నా లోపల ఎడమచెయ్యి గింజుకుంది. దానికి జరిగినది అన్యాయమే, నేను కాదనను. కానీ పనంతా ఒక్కరే లాక్కుని పక్కవారిని పనికిరానివారిగా మిగల్చడం ఏ న్యాయం?

రామతులశమ్మ చూడలేక నా నాడా పట్టుకుంది. "పోనీలే అమ్మా, రేపు తిందువుగాని."

"ముట్టుకోకండి అత్తయ్యగారూ!"

ఆ ఇంట వీరవేణి గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. అత్తగారు నాడా వదిలేసింది. చాలాసేపటికి ఒక చిన్న ముద్ద, వణుకుతూ, గడ్డాన్ని తాకి, పెదవిని అందుకుంది. యుద్ధాలు గెలిచినవారికి మనుషులు విగ్రహాలు నిలబెడతారు. ఈ ముద్దకు చప్పట్లైనా లేవు.

వానలు వెళ్లేనాటికి నా అవసరం తీరింది. వీరవేణి పీటమీద కూర్చుంది. మొదటి రేకు కుడివైపు చిరిగింది.

"చిరిగిన రేకు ఎవరు తింటారే?" అంది అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ.

"మీరే. నోరు తెరవండి, ఇవాళ నేను పెడతాను," అంది కోడలు.

ఇప్పుడు నేను వంటింట్లో మసిగుడ్డను. పొయ్యిమీది గిన్నె దించడానికి వీరవేణి రోజూ నన్ను అందుకుంటుంది. కుడిచేత్తో.