తొట్టిలో అడిగిన మాట

మా పెద్దత్తను సంఘంలో అందరూ చాటుగా ఐదో సువార్త అంటారు. మిగతా నాలుగింటిలో దేవుడు కాస్త మెత్తబడిన చోట్లు ఉంటాయి. ఈవిడలో వెతికినా దొరకవు. బాప్తిస్మం లేనిదే రక్షణ లేదు, రక్షణ లేనిదే పరలోకం లేదు, అనుమానముంటే ఆదివారం క్లాసుకి రండి, ఇదీ ఆవిడ బోధ. ఆ క్లాసూ ఆవిడదే. ఆవిడ పెట్టే పరీక్ష పాసైతేనే మా సంఘంలో ఎవరికైనా బాప్తిస్మపు తొట్టిలోకి దిగే భాగ్యం.

ఆ పరీక్షలో మా అమ్మ తప్పింది. పది ఆజ్ఞలూ చెప్పమంటే ఎనిమిది చెప్పి, "మిగతా రెండు తప్పులూ చేసే తీరిక నాకెప్పుడూ లేదు వదినా, అందుకే గుర్తులేవు" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. అత్త మాత్రం నవ్వలేదు. "వచ్చే నెల చూద్దాం" అంది. వచ్చే నెల రాకముందే అమ్మ జ్వరంతో ఆస్పత్రిలో చేరింది. మళ్లీ ఇంటికి రాలేదు.

మాది టైర్ల షాపు. నాన్నా నేనూ పంక్చర్లు వేస్తాం. నాన్నకు గుండె ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి అత్త షాపుకే వచ్చి, కస్టమర్లు కూర్చునే స్టూలు మీద తిష్ఠ వేసింది.

"ఒరేయ్, వాళ్లు కోసే ముందే మునిగెయ్. ఏమో, లేవకపోతే?"

తమ్ముడికి ధైర్యం చెప్పడం ఆవిడకు అలాగే వచ్చు.

నాన్న ట్యూబుని నీళ్ల టబ్బులో నొక్కి బుడగలు చూస్తూ, "అక్కా, నీళ్లలో ముంచితే బొక్క ఎక్కడుందో తెలుస్తుంది గానీ పూడదు" అనేవాడు. "దేవుడితో వేళాకోళమా!" అని అత్త కయ్యిమనేది. నాకు ఒళ్లు మండేది. అమ్మను గట్టుమీదే ఆపేసిన మనిషి నాన్నను ముంచడానికి ఇంత ఆరాటపడుతుంటే, చేతిలో స్పానరు పెట్టుకుని ఊరుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

నాన్న దిగులు వేరు. "నేను మునిగి, అక్కడికి పోయాక, మీ అమ్మ అక్కడ లేకపోతే?" అని ఒకసారి నాతో అన్నాడు. పాస్టరుగారినీ అడిగాడు. పాస్టరుగారు చిన్నవాడు, మంచివాడు, ఎవరినీ నొప్పించడు. "ప్రార్థన చేద్దామండీ" అని కళ్లు మూసుకునేవాడు. ఆమెన్ అనేసరికి గుమ్మం బయట చెప్పులేసుకుంటూ ఉండేవాడు. ఎప్పుడు అడిగినా ఇదే తంతు.

అలాంటిది నాన్న ఉన్నట్టుండి ఓ రోజు సరే అనేశాడు. అత్త సంబరానికి పట్టపగ్గాల్లేవు. పరీక్ష పెట్టకుండానే పాస్ చేసేసింది.

"నీ తమ్ముడికైతే ఆజ్ఞలు అక్కర్లేదా అత్తా?" అన్నాను.

"వాడు గుండెజబ్బు మనిషి కదే!" అంది. కోపంతో ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం చర్చిలో వేదిక మీది చెక్కలు తీశారు. తొట్టి ఉండేది వాటి కిందే. ముందు పాస్టరుగారు దిగి, నీళ్ల చల్లదనానికి ఓ కేక మింగారు. వెనకాలే తెల్ల గౌనులో నాన్న దిగాడు. గౌనులోకి గాలి చేరి బుంగలా ఉబ్బింది. నాన్న అలవాటు కొద్దీ దాన్ని నొక్కి, బుడగలు ఎటు నుంచి వస్తున్నాయో చూశాడు. పిల్లలు కిసుక్కుమన్నారు.

"మీరు ప్రభువును నమ్ముతున్నారా?" పాస్టరుగారు అడిగారు.

"నమ్ముతున్నాను. మా ఆవిడ ఎక్కడుంది?"

పాస్టరుగారు తడబడి, "ప్రార్థన చేద్దామండీ" అని కళ్లు మూసుకోబోయారు. నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. లారీ టైర్లు లాగే పట్టు అది. ఉన్నట్టుండి ఎందుకు ఒప్పుకున్నాడో నాకప్పుడు అర్థమైంది. ఇంట్లో అయితే గుమ్మం ఉంది, తొట్టిలోంచి ఈయన ఎటు పోతాడు?

"అది దేవుడి చిత్తమండీ. మనం చెప్పలేం."

"చెప్పలేనప్పుడు నన్నెందుకు ముంచుతున్నారు? ప్రభువు పక్కన సిలువ మీదున్న దొంగని ఏ తొట్టిలో ముంచారు? వాడు దర్జాగా పరదైసుకి పోయాడు కదా. మా ఆవిడ జన్మలో ఒకళ్ల గుండుసూది కూడా తీసుకోలేదు. అదే తప్పయిందా?"

హాలంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారి పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఆ దొంగకి టైము లేదండీ పాపం..."

"మా ఆవిడకి మాత్రం ఉందా? వచ్చే నెల రమ్మన్నారు."

నవ్వులు ఆగిపోయాయి. తలలన్నీ ముందు వరసలో ఉన్న అత్త వైపు తిరిగాయి. అత్త లేచి నిలబడింది.

"ఒరేయ్, ముందు మునుగు! తర్వాత మాట్లాడుకుందాం."

"కుదరదక్కా. అది అక్కడుందంటే మునుగుతా. లేదంటే పైకొచ్చి బట్టలు మార్చుకుంటా. అది లేని చోట నాకేం పని? పాస్టరుగారికి తెలీదట. క్లాసు చెప్పేది నువ్వు. నువ్వే చెప్పు."

చెప్పు, చెప్పు అని నేనూ లోపల్లోపల సంబరపడ్డాను, దాచడమెందుకు? ఆవిడ లేదనే అంటుంది. ఎంతమంది శవాల పక్కన నిలబడి అనలేదు ఆ మాట! నాన్న గట్టెక్కుతాడు, ఐదో సువార్త పరువు గంగలో కలుస్తుంది, ఇద్దరం ఇంటికి పోతాం.

అత్త చేతిలోని బైబిలు మూసింది, మళ్లీ తెరిచింది, ఏ పేజీ వైపూ చూడలేదు. ఆ మొహంలో భయం నేనెప్పుడూ చూడలేదు.

"ఉందిరా" అంది.

"ఏంటీ?"

"ఉందన్నాను కదరా!" ఆవిడ ఏడ్చేసింది. "మునగకపోయినా ఉంది. అదక్కడ లేకపోతే, దాన్ని ఆపినదాన్ని నన్ను రానిస్తారా?"

గెలిచింది మేమే. నాకేమో ఏడుపు తన్నుకొచ్చింది.

నాన్న పాస్టరుగారి చెయ్యి వదిలి, వేళ్లతో ముక్కు మూసుకున్నాడు.

"కానివ్వండి పాస్టరుగారూ" అన్నాడు. "అక్క ఏడుస్తోంది, త్వరగా వెళ్లాలి."